పెట్టేయ్, నేనే చేస్తాను

"నువ్వు పెట్టేయ్, నేనే చేస్తాను."

టెలిఫోను ఉన్న ప్రతి తెలుగింట్లోనూ ఏదో ఒకనాడు వినపడ్డ మాటే ఇది. అమెరికాలో ఉన్న అబ్బాయి అంటాడు, అమ్మకి ఐ.ఎస్.డి. బిల్లు పడకూడదని. కోడలు అత్తగారితో అంటుంది, మర్యాదకి. ఒక్కోసారి బ్యాంకులో కూర్చున్న గుమాస్తా కూడా అంటాడు, "మీ నంబరు మా దగ్గరుందిగా అమ్మా, పెట్టేయండి, మేమే చేస్తాం" అని. మొదటి ఇద్దరి మాటలో ఉన్నది పొదుపు. మూడో ఆయన మాటలో ఉన్నది మాత్రం అనుమానం. ఫోన్లో మాట్లాడుతున్నది నిజంగా మీరేనా, మీ పేరు చెప్పుకున్న మరొకరా అన్నది ఆయనకెలా తెలుస్తుంది మరి?

అనుమానించడం మనకేం కొత్త కాదు. రాత్రిపూట వాకిట్లోంచి ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే మూడోసారి పిలిచేదాకా పలకొద్దని మన అమ్మమ్మలు చెప్పేవారు. తెలిసినవాళ్ల గొంతుతోనే వస్తుందిట అది. ఊళ్లకి ఊళ్లు తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని సుద్దతోనో బొగ్గుతోనో రాసుకున్న రోజులు మనలో చాలామందికి గుర్తే. అదంతా వట్టి భయమే అనుకోండి. కానీ ఆ భయం అడిగే ప్రశ్న మాత్రం గట్టిది: గొంతు తెలిసినదైనంత మాత్రాన మనిషి తెలిసినవాడేనా?

ఈ ప్రశ్న కంప్యూటర్లకీ ఎదురయింది. జవాబుగా వాటికి మనవాళ్ల వాక్యాన్నే నేర్పారు. పెట్టేయ్, నేనే చేస్తాను. ఇంగ్లీషులో దాన్ని 'కాల్‌బ్యాక్' అన్నారు. ఆ ముచ్చటే ఇది. మధ్యలో కొంచెం యంత్రాల గొడవ వస్తుంది. భయపడకండి, కుట్టుమిషనుకి దారం ఎక్కించడం కన్నా కష్టమైనది ఇందులో ఏదీ లేదు.

అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలో బెల్ లేబొరేటరీస్ అని ఒక పెద్ద పరిశోధనాలయం. అప్పట్లో అది అక్కడి టెలిఫోన్ల మహాసంస్థ ఎ.టి. అండ్ టి. వారిది. 1969లో అక్కడ కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ అనే ఇద్దరు యూనిక్స్ అనే వ్యవస్థకి శ్రీకారం చుట్టారు. ఒక పెద్ద కంప్యూటరును ఒకే సమయంలో పదిమంది వాడుకునేలా చేసే ఏర్పాటది, ఉమ్మడి కుటుంబంలో ఒకే వంటిల్లు లాగ. ఎవరి డబ్బాలు వారివి, ఎవరి అలమారు వారిది, పొయ్యి మాత్రం ఒకటే. పుట్టిల్లు టెలిఫోను కంపెనీ అని గుర్తుంచుకోండి, ఆ సంగతితో ముందు పనుంది.

పొయ్యి ఒకటే అయితే అందరూ ఆ గదికే రావాలి కదా? అక్కర్లేకుండా చేసినది మోడెం అనే చిన్న పెట్టె. కంప్యూటరుకి తెలిసినవి ఒకట్లూ సున్నాలూ. టెలిఫోను తీగకి తెలిసినది గొంతు. మోడెం ఆ ఒకట్లని ఒక శ్రుతిలోనూ, సున్నాలని మరో శ్రుతిలోనూ కూస్తుంది. అవతలి మోడెం ఆ కూత విని మళ్లీ అంకెలు చేసుకుంటుంది. 1960లలో వచ్చిన బెల్ 103 అనే రకం సెకనుకి ముప్ఫై అక్షరాల వేగంతో పంపేది. ఓపిగ్గా చదివేవారు దాని వెనకే చదువుకుంటూ పోవచ్చు. తొలిరోజుల్లో ఇంటి ఫోను రిసీవరును తీసి, రెండు రబ్బరు దొప్పల్లో పడుకోబెట్టి కూయించేవారు. టెలిఫోను కంపెనీవారు తమ తీగకి పరాయి పరికరం తగలనిచ్చేవారు కాదు, అందుకని ఆ మడి. 1968లో కార్టర్‌ఫోన్ అనే పరికరం మీద వచ్చిన తీర్పుతో ఆ మడి సడలింది. 1981లో హేస్ కంపెనీ స్మార్ట్‌మోడెం వచ్చాక తీగ నేరుగా పెట్టెలోకే వెళ్లింది. నంబరు తిప్పమంటే తిప్పడం, పెట్టేయమంటే పెట్టేయడం, మోగితే ఎత్తడం, అన్నీ దానికి అక్షరాలతో చెప్పొచ్చు.

ఇక యూనిక్స్ గుమ్మం దగ్గర కాపలా 'గెట్టీ' అనే ప్రోగ్రాముది. ఫోను మోగగానే మోడెం ఎత్తుతుంది, గెట్టీ లేచి, "ఎవరు?" అని పేరు అడుగుతుంది. చెప్పిన పేరును 'లాగిన్' అనే మరో ప్రోగ్రాముకి అప్పగిస్తుంది. అది సంకేతపదం, అదే పాస్‌వర్డు, అడుగుతుంది. రెండూ సరిపడితే లోపలికి. అంతే, రెండు ప్రశ్నలు. అడుగుతున్నది యంత్రం కనక దానికి మొహం కనపడదు, గొంతు తెలియదు, గుమ్మంలో నించున్న వాలకం చూసి పోల్చుకునే నేర్పు అసలే లేదు.

పాస్‌వర్డుంటే చాలదా అంటారేమో. బెల్ లేబొరేటరీస్‌లోనే రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ కలిసి జనం పెట్టుకున్న పాస్‌వర్డులను సేకరించి చూశారు. 1979లో అచ్చయిన ఆ వ్యాసం లెక్కలు చూస్తే నవ్వొస్తుంది. మొత్తం 3,289 పాస్‌వర్డులు. అందులో పదిహేను ఒకే ఒక్క అక్షరం! మరో 464 మూడక్షరాలవి. ఇక నిఘంటువుల్లోనూ పేర్ల జాబితాల్లోనూ దొరికేవి కొన్ని వందలు. అన్నీ కలిపితే 2,831, అంటే నూటికి ఎనభై ఆరు, ఊరికే ఊహించి పట్టేసేవే. చదువుకున్నవాళ్లు, కంప్యూటర్లతో బతికేవాళ్లు సుమండీ వీళ్లు. గుమ్మానికి ఇత్తడి తాళం వేసి, తాళంచెవిని గడప పక్క పూలకుండీ కింద పెట్టి వెళ్లడం మన ఒక్క దేశపు అలవాటేం కాదన్నమాట.

ఆ కుండీ కింద వెతికే పిల్లలు 1983లో బయలుదేరారు. ఆ ఏడు జూన్‌లో 'వార్‌గేమ్స్' అనే సినిమా విడుదలయింది. అందులో ఒక కుర్రాడు తన ఇంటి కంప్యూటరు చేత వరసగా ఒక ఊళ్లోని నంబర్లన్నిటికీ ఫోన్ చేయిస్తాడు. ఎక్కడ మోడెం కూస్తే అక్కడ రాసిపెట్టుకుంటాడు. అలా ఆటలో ఆటగా సైన్యంవారి కంప్యూటరులో దూరి ప్రపంచయుద్ధం తెచ్చినంత పనిచేస్తాడు. అమెరికా అధ్యక్షుడు రీగన్ ఆ సినిమా విడుదలైన మర్నాడే చూసి, ఇలాంటిది నిజంగా జరుగుతుందా అని సేనాధిపతులను అడిగారు. విచారించి చెప్పిన జవాబు ఆయనకి ధైర్యమిచ్చేదిగా లేదు. మరుసటి ఏడు, 1984 సెప్టెంబరులో, కంప్యూటర్ల భద్రత మీద ఒక ఆదేశం వెలువడిందంటే దాని మొదలు ఒక సాయంత్రపు సినిమా. సినిమాలు పిల్లల్ని చెడగొడతాయంటారు గాని, పెద్దల్ని నిద్రలేపుతాయి కూడానూ.

సినిమా సంగతి సరే, అదే ఎండాకాలంలో మిల్వాకీ నగరంలో పదహారు నుంచి ఇరవై రెండేళ్ల మధ్య కుర్రాళ్లు కొందరు నిజంగానే పట్టుబడ్డారు. తమ ఊరి టెలిఫోను కోడు 414 కనక 414లు అని పేరు పెట్టుకున్నారు. టెలినెట్ అనే డేటా నెట్‌వర్కుకి ఇంట్లోంచి ఫోన్ చేసి, అక్కణ్ణుంచి అరవై దాకా కంప్యూటర్ల తలుపులు తట్టారు. లాస్ అలమోస్ అణు ప్రయోగశాల, ఒక బ్యాంకు, వాటన్నిటికన్నా గుండె గుభేలుమనిపించేది న్యూయార్కులోని స్లోన్-కెటరింగ్ కాన్సర్ ఆసుపత్రి. రేడియేషన్ చికిత్సకి వాడే కంప్యూటరది. ఏ రోగికి ఎంత మోతాదు అన్న లెక్కలు ఉండేచోట ఎవరో కుర్రాడు సరదాకి తిరిగాడంటే, ఆ మంచం పక్కన కూర్చున్న తల్లికో భార్యకో ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. అదృష్టం బాగుండి రోగులెవరికీ హాని జరగలేదు. తమ జాడ చెరిపేసుకోబోయి బిల్లుల ఫైళ్లు కొన్ని చెరిపారు, పదిహేను వందల డాలర్ల నష్టం. ఆ సెప్టెంబరులో వాళ్లలో పదిహేడేళ్లవాడొకడు అమెరికన్ కాంగ్రెస్ ఉపసంఘం ముందు కూర్చుని సాక్ష్యం చెప్పాడు. వాళ్లేం మంత్రాలు వెయ్యలేదు. కంపెనీవారు యంత్రంతోపాటు పంపిన మొదటి పాస్‌వర్డును ఆసుపత్రులవారూ బ్యాంకులవారూ మార్చుకోలేదు, అంతే.

దీంతో గుమ్మానికి మూడో ప్రశ్న కావలసివచ్చింది. అప్పటికే చేతిలో ఉన్న ఉపాయం కాల్‌బ్యాక్. మీరు ఆఫీసు యూనిక్స్ యంత్రానికి ఇంటి నుంచి ఫోన్ చేస్తారు. పేరు చెబుతారు, పాస్‌వర్డు చెబుతారు. అది "సరే, పెట్టేస్తున్నా" అని లైను తెంపేస్తుంది. తన దగ్గరున్న చిట్టాలో మీ పేరు పక్కన రాసి ఉన్న నంబరు చూసి, తనే మీ ఇంటికి ఫోన్ చేస్తుంది. మీ మోడెం ఎత్తి, మళ్లీ పేరూ పాస్‌వర్డూ చెబితే అప్పుడు లోపలికి. ఎవడో మీ పాస్‌వర్డు దొంగిలించాడే అనుకోండి, వాడు ఎక్కణ్ణుంచి ఫోన్ చేసినా గంట మోగేది మీ ఇంట్లో. దొంగ కూడా మీ ఇంట్లోకే రావాలి. ఇది కదా తెలివంటే!

యూనిక్స్ యంత్రాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడంలోనూ ఈ ఉపాయముంది. మైక్ లెస్క్ అనే ఆయన 1976లో బెల్ లేబొరేటరీస్‌లో యూయూసీపీ అనే ఏర్పాటు చేశారు. రాత్రివేళ, ఫోను రేట్లు తగ్గాక, యంత్రాలు ఒకదానికొకటి ఫోన్ చేసుకుని పగలంతా పోగుపడ్డ ఉత్తరాలు ఇచ్చిపుచ్చుకునేవి. ఏ యంత్రానికి ఏ వేళల్లో చేయవచ్చో ఒక ఫైల్లో రాసి ఉంచేవారు, ట్రంకుకాల్ చార్జీ తగ్గేదాకా మేలుకుని కూర్చున్న మన నాన్నగార్లలాగ. 1983లో పీటర్ హనీమన్, డేవిడ్ నోవిట్జ్, బ్రయాన్ రెడ్‌మన్ ముగ్గురూ దాన్ని తిరగరాశారు. ముగ్గురి పేర్లూ కలిపి 'హనీడాన్‌బర్' అంటారు. అందులో పర్మిషన్స్ అనే ఫైలులో 'కాల్‌బ్యాక్' అన్న మాట ఎదురుగా 'యెస్' అని రాస్తే చాలు, ఫలానా యంత్రం ఫోన్ చేసినప్పుడు ఏ పనీ చేయకుండా పెట్టేసి, తానే తిరిగి చేస్తుంది.

దీనికి వాళ్లే ఒక హెచ్చరిక కూడా రాశారు. అది చదివినప్పుడల్లా నాకు పెళ్లివారే గుర్తొస్తారు. రెండు యంత్రాలూ ఒకదాని గురించి ఒకటి 'కాల్‌బ్యాక్ యెస్' అని రాసుకుంటే వాటి మధ్య సంభాషణ ఎన్నటికీ మొదలవదట! ఇది చేస్తే అది పెట్టేసి తిరిగి చేస్తుంది, అది చేస్తే ఇది పెట్టేసి తిరిగి చేస్తుంది. "ముందు మీరు వచ్చి పిలవాలి" అని వియ్యపురాలూ, "కాదు, ముందు మీరే" అని ఈవిడా బిగుసుకు కూర్చుంటే పెళ్లి ఏమవుతుందో అదే అయ్యేది.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు కదా. కాల్‌బ్యాక్‌కి ఉన్న అసలు లోపం యూనిక్స్‌లో లేదు, మోడెంలోనూ లేదు. దాని పుట్టింట్లో, టెలిఫోను ఎక్స్‌ఛేంజిలో ఉంది.

పాత ఎక్స్‌ఛేంజిల్లో లైను తెంపే హక్కు ముఖ్యంగా ఫోన్ చేసినవారిది. మీకెవరో ఫోన్ చేశారు, మీరు మాట్లాడి పెట్టేశారు, వాళ్లు మాత్రం పెట్టలేదు. మీరు కొద్దిసేపటికి మళ్లీ ఎత్తి చెవిలో పెట్టుకుంటే అవతలివాళ్లు ఇంకా అక్కడే ఉంటారు. ఇందులో సౌకర్యమూ ఉంది, హాల్లో ఫోన్ పెట్టేసి గదిలో ఉన్న రెండోదాంట్లో ఎత్తుకోవచ్చు. బిల్లు కట్టేవాడు ఎవరో తెంపే హక్కూ వాడిదే, న్యాయంగానే తోస్తుంది.

ఇప్పుడు దొంగ సంగతి చూడండి. యూనిక్స్ యంత్రానికి ఫోన్ చేసి, దొంగిలించిన పేరూ పాస్‌వర్డూ ఇస్తాడు. యంత్రం పెట్టేస్తుంది. వాడు పెట్టడు. యంత్రం మళ్లీ రిసీవరు ఎత్తినట్టుగా లైను ఎత్తుకుంటుంది. లైను ఇంకా వాడితోనే ఉంది! తెలివైన మోడెం అయితే డయల్‌టోన్ వినపడితేగాని నంబరు తిప్పదు. సరే, వాడు డయల్‌టోన్ కూడా వినిపిస్తాడు. అమెరికాలో డయల్‌టోనంటే 350, 440 హెర్ట్జ్ శ్రుతులు రెండూ కలిపిన కూత, టేపురికార్డరుంటే చాలు. పాపం, ఆ యంత్రం ఎంతో నమ్మకంగా మీ ఇంటి నంబరు తిప్పుతుంది. అంకెలన్నీ దొంగ చెవిలోనే పడతాయి. వాడు ఒక్క క్షణమాగి మోడెం కూత కూయిస్తాడు. "ఆహా, ఇంటికే చేశాను" అనుకుని యంత్రం తలుపు తీస్తుంది. మూడోసారి పిలిచేదాకా పలక్కుండా కూర్చున్నా, మూడోసారి పిలిచినదీ అదే అయింది.

మందు కూడా కనిపెట్టారు. వచ్చే ఫోన్లకి ఒక లైను, తిరిగి చేసే ఫోన్లకి వేరే లైను. దొంగ మొదటి లైనును పట్టుకుని ఎంతసేపు వేలాడినా, యంత్రం రెండో లైను మీద మీ ఇంటికి చేస్తుంది. ఆ రెండో లైనుకి బయటినుంచి ఫోన్లు రాకుండా ఎక్స్‌ఛేంజిలోనే కట్టించుకుంటే ఇంకా మంచిది. లేకపోతే యంత్రం ఎత్తే సరిగ్గా ఆ క్షణంలోనే దొంగ ఆ నంబరుకి చేసి కాచుకోవచ్చు. రెండు లైన్లంటే రెండు అద్దెలు. చాలా ఆఫీసులు ఒక్క లైనుతోనే సరిపెట్టుకుని, కాల్‌బ్యాక్ ఉంది కదా అని నిశ్చింతగా ఉండేవి. నన్నడిగితే, లేని తాళం కన్నా పడని తాళం ఎక్కువ ప్రమాదం. లేనిచోట కనీసం నిద్రపట్టదు.

ఇక రెండో లోపం. ఎలక్ట్రానిక్ ఎక్స్‌ఛేంజిలు వచ్చాక 'కాల్ ఫార్వర్డింగ్' అనే సౌకర్యం వచ్చింది. మీ ఇంటికి వచ్చే ఫోను మరో నంబరుకి వెళ్లేలా చేసుకోవచ్చు. దొంగ ఎలాగో మీ నంబరు మీద దాన్ని పెట్టించాడో, యంత్రం సరైన నంబరే తిప్పుతుంది, వేరే లైను మీదే తిప్పుతుంది, గంట మాత్రం దొంగ ఇంట్లో మోగుతుంది. దీనికి యూనిక్స్‌వారి దగ్గర మందు లేదు. చిరునామా సరైనదే, ఆ ఇంట్లో ఉన్నవారే మారిపోయారు.

లోపాలున్నా ఉపాయం బతికింది, ముఖ్యంగా రెండో ప్రయోజనం వల్ల, అంటే పొదుపు వల్ల. జర్మనీలో గెర్ట్ డోరింగ్ అనే ఆయన 1993 నుంచి 'ఎమ్‌గెట్టీ' అనే మెరుగైన గెట్టీని రాసి అందరికీ ఉచితంగా ఇచ్చారు. లినక్స్ వాడేవారు చాలామంది తమ యంత్రాలకి దాన్నే కాపలా పెట్టుకున్నారు. దానితోపాటు 'కాల్‌బ్యాక్' అని విడిగా ఒక చిన్న ప్రోగ్రామూ వస్తుంది. చిట్టాలో ఒక పేరు రాసి, ఈ పేరుతో ఎవరొచ్చినా లాగిన్‌కి కాదు, కాల్‌బ్యాక్‌కి అప్పగించు అని పక్కన రాస్తే సరి. అప్పట్లో అక్కడ ఊళ్లో ఫోనుకి కూడా మాట్లాడిన సమయం లెక్కన బిల్లు పడేది. ఇంటినుంచి పని చేసుకునే ఉద్యోగి తన జేబు కాక ఆఫీసు బిల్లు మీద మాట్లాడుకోవచ్చు. అదే కాలంలో వచ్చిన విండోస్ ఎన్.టి.లో ఈ రెండు ప్రయోజనాలనూ విడదీసి చూపించారు. నంబరు ముందే నిర్ణయించి పెట్టడం ఒక పద్ధతి, ఫోన్ చేసినవారే అప్పటికప్పుడు తమ నంబరు చెప్పడం రెండో పద్ధతి. మొదటిది అనుమానానికి, రెండోది పొదుపుకి.

జర్మనీలో బాగా వ్యాపించిన ఐ.ఎస్.డి.ఎన్. లైన్ల మీద ఇంకో సొగసు కుదిరింది. ఫోన్ ఎత్తకముందే చేసినవారి నంబరు తెలిసిపోతుంది. కాబట్టి లినక్స్ యంత్రం ఎత్తకుండానే తోసిపుచ్చి, తనే తిరిగి చేసేది. చేసినవాడికి నయాపైసా ఖర్చు లేదు. ఏమిటిది? మన మిస్డ్ కాల్ కాదూ! మన దేశంలో 2003 మే 1 నుంచి సెల్‌ఫోనుకి వచ్చే ఫోన్లు ఉచితమయ్యాయి, చేసేవారికే ఖర్చు. అప్పటినుంచి కూరగాయల బండివాడి దగ్గర్నుంచి కాలేజీ పిల్లదాకా ఒక గంట మోగించి పెట్టేయడం నేర్చారు. జర్మన్ ఇంజనీరు పుస్తకం చదివి యంత్రానికి నేర్పినది, మన పాలబ్బాయి ఎవరూ చెప్పకుండా నేర్చుకున్నాడు.

మోడెం కూతలు మన ఇళ్లల్లో వినపడ్డది 1995 ఆగస్టు 15న వి.ఎస్.ఎన్.ఎల్. వారు ఇంటర్నెట్‌ను జనానికి తెరిచాక. తొలి ఖాతాల్లో బొమ్మలు లేని, అక్షరాలు మాత్రమే కనపడే రకం కూడా ఉండేది. అంటే అవతల ఉన్నది యూనిక్స్ గుమ్మమే. అమెరికాలో ఉన్న కూతురికి నాలుగు వాక్యాలు పంపాలని కూర్చున్న తల్లిదండ్రులు, తమను పేరడుగుతున్నది గెట్టీ వంశంలోదని తెలియకుండానే దానికి జవాబు చెప్పారు.

బ్రాడ్‌బ్యాండ్ వచ్చాక ఆ కూతలు ఆగిపోయాయి. లోపాలు మాత్రం ఆగలేదు, యంత్రాల్ని వదిలి మనుషుల మీదికి వచ్చాయి. 2010 తర్వాత బ్రిటన్‌లో వృద్ధులకి ఫోన్లు వచ్చేవి, బ్యాంకు నుంచనో పోలీసులమనో. "మా మీద నమ్మకం లేదా? మంచిదే. పెట్టేసి, మీ కార్డు వెనక ఉన్న నంబరుకి మీరే చేయండి" అనేవారు. ఎంత మర్యాద! ఆ ముసలమ్మ పెట్టేసేది, వాళ్లు పెట్టేవారు కారు. ఆవిడ మళ్లీ ఎత్తితే రికార్డు చేసిన డయల్‌టోన్ వినపడేది. అసలు నంబరే తిప్పేది. మరో గొంతు, "బ్యాంకు, చెప్పండి" అనేది. జీవితమంతా దాచుకున్న డబ్బు అలా పోగొట్టుకున్నవారున్నారు. మోడెంను మోసం చేసిన టేపే, మనిషినీ మోసం చేసింది. అప్పుడుగాని అక్కడి టెలిఫోను కంపెనీలు రెండు నిమిషాలదాకా పట్టి ఉండే లైనును కొన్ని సెకన్లలోనే తెగేలా మార్చలేదు.

రెండో లోపం మన దేశానికే వచ్చింది. టెలిఫోను కంపెనీ నుంచి మాట్లాడుతున్నామని, మీ సిమ్ముకేదో ఇబ్బంది ఉందని, స్టార్ 401 నొక్కి ఫలానా నంబరు కొట్టమని చెబుతారు. కొట్టిన క్షణం నుంచి మీకు రావలసిన ఫోన్లన్నీ వాళ్లకి వెళతాయి. మీ నంబరుకే తిరిగి చేసి నిర్ధారించుకునే బ్యాంకువారికి "అవును, నేనే" అని పలికేది వాళ్లే. టెలికాం శాఖవారు 2024 ఏప్రిల్ 15 నుంచి స్టార్ కొట్టి ఫార్వర్డింగ్ పెట్టుకునే పద్ధతినే నిలిపివేయమని కంపెనీలను ఆదేశించారు. నిజంగా కావలసినవారు మరో మార్గంలో అడిగి పెట్టించుకోవాలి, అదీ వాళ్లకి తెలియకుండా జరగకూడదన్నారు.